చేయి దూరని నేత

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ల సంచిలో ఉండే కాగితాల్లో అన్నిటికంటే తక్కువ మర్యాద దక్కేది ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌కే. పాస్‌పోర్టును బీరువాలో భద్రంగా పెడతారు. వీసా కాపీ వాట్సాప్‌లో వచ్చిన రోజు చుట్టాలందరికీ చూపిస్తారు. క్లియరెన్స్ మాట వచ్చేసరికి 'అదంతా ఏజెంటే చూస్కుంటడు' అని దాటేస్తారు. నిజానికి ఆ సంచిలో ఎక్కువ ఆలోచనతో తయారైన వస్తువు అదే. పరాయి దేశం పోయే పేదవాడి ముందు అధికారి గానీ దళారి గానీ చేయి చాపగల చోట్లను ఒక్కొక్కటిగా వెతికి, వాటిని మూయడానికి చేసిన ప్రయత్నం అందులో కనిపిస్తుంది. ఆ పనితనం మెచ్చుకోదగ్గది. దాన్ని దగ్గర నుంచి చూస్తే, ఇంటి దగ్గరా పరాయి గడ్డ మీదా లంచాన్ని ఎదుర్కొనే తీరు కూడా తెలుస్తుంది.

ఈ ప్రాంతానికి ఆ కాగితం ఎందుకంత ముఖ్యమో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కాకతీయ కాలువ నీళ్లు అందినా చిన్న కమతాల మీద కుటుంబం గడవదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఊళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతారు. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగినప్పుడల్లా నేత కార్మికుల ఇళ్లలో పొయ్యి ఆగింది. అందుకే గల్ఫ్ బాట పట్టారు. పోవడానికి డబ్బు కావాలి, ఆ డబ్బు నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి వస్తుంది. విమానం ఎక్కకముందే ఇచ్చిన ప్రతి అదనపు రూపాయీ ఎడారిలో అదనపు నెలల చాకిరీగా తీరుతుంది. కాబట్టి ఇక్కడ లంచం అంటే ఏదో చికాకు వ్యవహారం కాదు, మనిషి ఆయుష్షులో కోత.

లంచానికి కావలసిన చీకటి

లంచం అడిగేవాడి బలమంతా ఎదుటివాడికి తెలియని సంగతుల్లో ఉంటుంది. పనికి అసలు ధర ఎంత, అది ఎన్నాళ్లలో కావాలి, దాన్ని తేల్చేది ఎవరు. ధర తెలియనివాడికి వెయ్యి అడిగినా లక్ష అడిగినా బేరమాడే దారి లేదు. గడువు తెలియనివాడు 'ఇంకో వారం ఆగు' అన్న ప్రతిసారీ జేబు తడుముకుంటాడు. ఎవరు తేలుస్తారో తెలియనివాడికి గేటు దగ్గర నిలబడ్డ మనిషి కూడా పెద్దసారే.

గల్ఫ్ ప్రయాణంలో ఈ మూడూ మొదటి నుంచీ చీకట్లోనే ఉన్నాయి. ఊళ్లో చిన్న ఏజెంటు, అతని పైన కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో ఇంకొకడు, ఆ పైన హైదరాబాద్‌లోనో ముంబయిలోనో ఆఫీసు, ఆ పైన అక్కడి ఖఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని. ఒక్కో మెట్టు దగ్గర 'పైవాళ్లకు ఇవ్వాలె' అనే మాటే వినిపిస్తుంది. ఆ పైవాడు ఎవరో డబ్బు కట్టినవాడికి ఎప్పటికీ తెలియదు. ఆజాద్ వీసా అనే పేరుతో పని లేని వీసాను అమ్మేదీ ఈ చీకట్లోనే. అక్కడ దిగాక పనీ దొరక్క, అకామా అనే నివాస కార్డు కూడా చేతికి రాక, ఖఫీల్‌ను వదిలి కల్లివెల్లి, అంటే కాగితాల్లేని కార్మికుడు, అయిపోయినవాడి కథ మొదలయ్యేదీ ఇక్కడే.

ఈ చీకటిని అడ్డుకోవడానికి మనకు మొదట ఉన్నది 1922 నాటి వలస చట్టం. బర్మాకు మేస్త్రీలు, మలయా తోటలకు కంగానీలు కూలీలను పట్టుకెళ్లిన రోజుల చట్టం అది. గల్ఫ్ చమురు డబ్బు తెచ్చిన కొత్త వలసకు అది చాలలేదు. 1983లో పార్లమెంటు కొత్త ఎమిగ్రేషన్ చట్టం చేసింది, ఆ ఏడాది డిసెంబరు 30 నుంచి అది అమలులోకి వచ్చింది. అందులో పదో సెక్షన్ రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ విదేశీ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేయకూడదంది. ఇరవై రెండో సెక్షన్ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి లేనిదే పనికోసం దేశం దాటకూడదంది. మిగతా నిర్మాణమంతా ఈ రెండు వాక్యాల మీదే లేచింది.

పడుగూ పేకా

ఆ నిర్మాణాన్ని ఇప్పుడు నడిపేది ఈమైగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ. 2014, 2015 సంవత్సరాల్లో ఇది అమలులోకి వచ్చింది. అంతకుముందు కాగితాల కట్టలు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడే పని ఉండేది. కట్ట ఎప్పుడు పైకి వస్తుందో, ఎప్పుడు అడుగుకు పోతుందో చెప్పగలిగేవాడి చుట్టూ దళారులు తిరిగేవాళ్లు. ఆ కట్టను తీసేయడమే మొదటి మంచి పని.

కోరుట్ల నుంచి షట్టరింగ్ కార్పెంటర్ పనికి సౌదీ పోయే ఒక యువకుడి సంగతి చూద్దాం. అతను పదో తరగతి పాస్ కాలేదు, కాబట్టి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కోవలోకి వస్తుంది. సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద పోవాలంటే అతనికి క్లియరెన్స్ తప్పనిసరి.

అతని పేరు ఆ వ్యవస్థలోకి రావడానికి ముందే మూడు పనులు జరిగి ఉండాలి. అక్కడి కంపెనీ తన వివరాలతో నమోదు కావాలి. ఆ కంపెనీ నిజంగా ఉందో లేదో, ఇంతమంది అవసరమో కాదో మన రాయబార కార్యాలయం చూడాలి. ఆ తర్వాత ఇన్ని పోస్టులు, ఈ పని, ఈ జీతం అని డిమాండ్ నమోదవుతుంది. దాన్ని లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకుంటాడు. చివరికి మన కుర్రాడి పాస్‌పోర్టు నంబరు ఆ డిమాండ్‌కు జత అవుతుంది. కంపెనీ, ఎంబసీ, ఏజెంటు, కార్మికుడు అనే నాలుగు పక్షాల వివరాలూ ఒకదానితో ఒకటి కలిస్తేనే క్లియరెన్స్ వస్తుంది.

సిరిసిల్లలో నేత తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పడుగు ఎంత గట్టిదైనా ఒక్కటే ఉంటే గుడ్డ కాదు. దానికి అడ్డంగా పేక నడవాలి, ఒక్కో పోగూ రెండో దాన్ని పట్టుకోవాలి. క్లియరెన్స్‌లో ఎంబసీ పరిశీలన పడుగైతే, ఏజెంటు లైసెన్సూ కార్మికుడి పాస్‌పోర్టూ పేక. ఒక్క అధికారి చెయ్యి తడిపితే మిగతా మూడు పోగులూ ఊరుకోవు. మోసం చేయాలంటే నాలుగు చోట్లా ఒకేసారి అబద్ధం అతకాలి. చాలామంది దళారులకు అది సాధ్యం కాదు, లాభం కూడా కాదు.

ఇందులో నాకు బాగా నచ్చిన చిన్న పని జీతం గడి. ఒక్కో దేశానికి, ఒక్కో పనికి కనీస రెఫరల్ వేతనం అని ప్రభుత్వం ఒక అంకె పెట్టింది. దానికంటే తక్కువ జీతం రాస్తే దరఖాస్తు ముందుకు కదలదు. అధికారి దయతో ఇక్కడ పనిలేదు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఈ వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ గల్ఫ్ కార్మికుల సంఘాలు ఊరుకోలేదు, విషయం రాష్ట్ర హైకోర్టు దాకా వెళ్లింది. 2021లో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. ఆ ఒక్క గడిలోని అంకె కోసం ఇంత పోరాటం జరిగిందంటే, అది ఎంత బరువు మోస్తుందో అర్థమవుతుంది.

చివరి పోగు శంషాబాద్ విమానాశ్రయంలో కలుస్తుంది. ఈమైగ్రేట్‌ను పాస్‌పోర్టు వ్యవస్థతోనూ ఇమిగ్రేషన్ వ్యవస్థతోనూ కలిపారు. కౌంటర్‌లో కూర్చున్న అధికారి పాస్‌పోర్టు చూడగానే క్లియరెన్స్ ఉందో లేదో తెరమీద తేలుతుంది. ఉన్నవాణ్ని ఆపడానికి కారణం దొరకదు. లేనివాణ్ని వదలడానికి సాకూ దొరకదు.

ధరలు గోడ మీద రాయాలి

ఈ ప్రయాణంలో అసలు ఖర్చులు ఎంతో తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. 36 పేజీల మామూలు పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ కావాలంటే మరో 2,000. పోలీసు వెరిఫికేషన్‌కు పౌరుడు కట్టాల్సిన ఫీజు అంటూ ఏదీ లేదు. క్లియరెన్స్ ఫీజు 200. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375, బీమా మాత్రం 10 లక్షలకు. రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి.

మెడికల్, టికెట్ లాంటివి వేరే ఉన్నా, ప్రభుత్వం పెట్టిన లెక్క ఇంతే. లక్షన్నర, రెండు లక్షలు అడిగేవాడి దగ్గర ఈ అంకెలు చెప్పి, 'మిగతాది దేనికి, ఏ రసీదు మీద?' అని అడగగలిగితే మాట తీరే మారిపోతుంది. ధరను చట్టంలో అంకెగా రాయడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, లంచం దాక్కునే మొదటి మూలను అది మూస్తుంది. లైసెన్సున్న ఏజెంటు దగ్గర ప్రభుత్వం 50 లక్షల దాకా బ్యాంకు గ్యారంటీ పెట్టించుకుంటుంది. మోసపోయినవాణ్ని వెనక్కి తేవాల్సి వస్తే అందులోంచి తీయవచ్చు. ఆ గ్యారంటీ ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు దగ్గర ఉండదు. చట్టం సబ్ ఏజెంటు అనే మనిషినే గుర్తించదు. అందుకే ఏజెంటు లైసెన్సు నంబరును ఈమైగ్రేట్ జాబితాలో చూసుకోవడం మొదటి జాగ్రత్త అంటారు ఈ రంగంలో పనిచేసేవాళ్లు. హైదరాబాద్‌లో టామ్‌కామ్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కూడా ఉంది, దాని ద్వారా పోతే దళారి అవసరమే రాదు.

చిరుగు పడ్డ చోట్లు

మంచి పనితనం విలువ అది చిరిగిన చోట మరింత బాగా తెలుస్తుంది. 2015లో కేరళలో బయటపడ్డ నర్సుల కేసు అలాంటిది. కువైట్ ఆరోగ్య శాఖలో ఉద్యోగాలకు నర్సుల దగ్గర తీసుకోవాల్సింది 19,500 రూపాయలైతే, ఒక ఏజెన్సీ 19.5 లక్షలు వసూలు చేసిందని సీబీఐ కేసు పెట్టింది. అంటే అసలు ధరకు వంద రెట్లు. ఆ కేసులో కొచ్చిలోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌ కూడా నిందితుడే. కాపలాకు పెట్టిన కుర్చీలో కూర్చున్న మనిషి మీదే ఆరోపణ వచ్చింది. దీని తర్వాత ప్రభుత్వం చేసిన దిద్దుబాటు గమనించదగ్గది. ఈసీఆర్ దేశాలకు నర్సుల నియామకాన్ని ప్రైవేటు ఏజెన్సీల చేతుల్లోంచి తీసి, నోర్కా రూట్స్, ఒడెపెక్ లాంటి రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. కుర్చీలో మనిషిని మార్చి చేతులు దులుపుకోకుండా, డబ్బు నడిచే దారినే మార్చింది.

మన దగ్గరి చిరుగు ఇంకా ముందు మెట్టులోనే పడింది, పాస్‌పోర్టు దగ్గరే. 2021లో శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారులు కొందరు ప్రయాణికులను అనుమానంతో ఆపారు. వాళ్లు బంగ్లాదేశీయులని తేలింది. తీగ లాగితే నిజామాబాద్ జిల్లా బోధన్‌లోని కొద్ది చిరునామాల మీదే 72 పాస్‌పోర్టులు జారీ అయినట్టు బయటపడింది. వెరిఫికేషన్ చేయాల్సిన స్పెషల్ బ్రాంచ్ ఎస్సై, ఏఎస్సై అరెస్టయ్యారు. 2024 జనవరిలో తెలంగాణ సీఐడీ మరో నకిలీ పత్రాల ముఠాను పట్టుకుంది. మొదట 12 మందిని అరెస్టు చేసింది. హైదరాబాద్, నిజామాబాద్‌లతో పాటు జగిత్యాల, కోరుట్ల కూడా ఆ కేసులో ఉన్నాయి. అక్కడా వెరిఫికేషన్ చూసే పోలీసు సిబ్బంది మీదికి దర్యాప్తు వెళ్లింది.

రాష్ట్ర పోలీసులు వెరిఫాస్ట్ అనే యాప్‌తో వెరిఫికేషన్‌ను రోజుల్లోకి తెచ్చారు, అది నిజంగా మెచ్చుకోదగ్గ పనే. గడువు దగ్గరైతే 'త్వరగా చేయిస్తా' అనేవాడికి అమ్ముకునే సరుకు ఉండదు. అయితే ట్యాబ్ ఎంత వేగంగా పనిచేసినా, దాన్ని పట్టుకున్న మనిషి ఇంటికి వెళ్లకుండానే వెళ్లానని రాస్తే యంత్రం కనిపెట్టలేదు. బోధన్ కేసును పట్టిచ్చింది ఇంకో చివరన కూర్చున్న ఇమిగ్రేషన్ అధికారి కన్ను. ఒక చోట అమ్ముడుపోయిన కాగితాన్ని రెండో చోట చదివే మనిషి ఉండాలన్న ఏర్పాటే అక్కడ గెలిచింది.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదని తెలుసుకోవడం మంచిది. 2023 మార్చిలో సౌదీ అవినీతి నిరోధక సంస్థ నజాహా, ఢాకాలోని తమ ఎంబసీలో పనిచేసిన ఇద్దరు మాజీ అధికారులను అరెస్టు చేసినట్టు ప్రకటించింది. బంగ్లాదేశ్ కార్మికులకు వర్క్ వీసాలు ఇవ్వడానికి 5 కోట్ల 40 లక్షల రియాళ్లు లంచంగా తీసుకున్నారన్నది ఆరోపణ. 2020లో కువైట్ పోలీసులు ఏకంగా ఒక బంగ్లాదేశ్ ఎంపీని వీసాల వ్యాపారం, లంచాల కేసులో పట్టుకున్నారు, 2021 జనవరిలో అక్కడి కోర్టు నాలుగేళ్ల జైలు శిక్ష వేసింది. ఢాకా పక్క ఊళ్ల రైతు కట్టిన డబ్బూ, జగిత్యాల పక్క ఊళ్ల రైతు కట్టే డబ్బూ ఒకే రకం దారుల్లో నడుస్తాయి.

ఏడు రోజులు

ఇప్పుడు ఒక్క నిబంధన దగ్గర ఆగి చూద్దాం. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. అంతకుముందు లంచం ఇచ్చినవాడు కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా అతని మీద కేసు పెట్టకూడదన్న రక్షణ ఉండేది. సవరణలో అది పోయింది. ఎనిమిదో సెక్షన్ ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. చాలామంది దీన్ని చదివి ఇక్కడే ఆగిపోయి భయపడతారు.

అసలు పనితనం ఆ తర్వాతి వాక్యంలో ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవాడికి ఈ సెక్షన్ వర్తించదు. అయితే ఇచ్చిన రోజు నుంచి ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో ఆ సంగతి చెప్పాలి. ఇంకో ఉపవాక్యం ప్రకారం, ముందే దర్యాప్తు అధికారులకు చెప్పి, లంచం అడిగినవాణ్ని పట్టించడానికి ఇచ్చిన డబ్బు కూడా నేరం కాదు. ఏసీబీ వలపన్నినప్పుడు డబ్బు ఇచ్చేవాడికి రక్షణ ఈ వాక్యమే.

ఈ ఏడు రోజుల మాటలో ఎంతో లోతు ఉంది. బలవంతం జరిగిన క్షణంలో పేదవాడు ధైర్యం చూపాలని చట్టం కోరడం లేదు. పాస్‌పోర్టు ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు ఎదురు తిరగడం ఎవరికైనా కష్టమే. డబ్బు ఇచ్చెయ్, పని చేయించుకో, ఇంటికి వచ్చి ఊపిరి పీల్చుకో, ఆ తర్వాత ఏడు రోజుల్లో నోరు విప్పు అంటోంది. భయానికి కొంత చోటిచ్చి, మౌనానికి మాత్రం గడువు పెట్టింది.

ఎవరి దగ్గర నోరు విప్పాలన్నది కూడా తేలికగానే తెలుస్తుంది. వెరిఫికేషన్‌కు వచ్చిన పోలీసు రాష్ట్ర ఉద్యోగి, అతని సంగతి తెలంగాణ ఏసీబీకి చెప్పాలి, టోల్ ఫ్రీ నంబరు 1064. పాస్‌పోర్టు కార్యాలయం, ప్రొటెక్టర్ కార్యాలయం విదేశాంగ శాఖవి, విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కేంద్ర హోం శాఖది. వాటి సంగతి సీబీఐకి గానీ ఆయా శాఖల విజిలెన్స్‌కు గానీ చెప్పాలి. ఈ చట్టం విదేశంలో ఉన్న భారత పౌరులందరికీ కూడా వర్తిస్తుందని మొదటి సెక్షన్‌లోనే రాశారు. రియాద్‌లోనో దుబాయ్‌లోనో మన ఎంబసీ, కాన్సులేట్‌లలో పనిచేసే మన దేశపు ఉద్యోగి ఇంటికి తిరిగి రావడానికిచ్చే ఔట్‌పాస్ కోసం డబ్బు అడిగినా, అతను ఈ చట్టం చేతికి అందనంత దూరంలో లేడు.

సరిహద్దు దాటాక

అక్కడి అధికారే అడిగితే ఏం చేయాలన్నది వేరే సంగతి. మన చట్టం అక్కడి పోలీసు మీద పనిచేయదు. విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని నేరం చేసే బిల్లు మన పార్లమెంటులో 2011లో వచ్చింది గానీ చట్టం కాకుండానే కాలం చెల్లింది. ఆ ఖాళీని అక్కడి చట్టం గట్టిగానే పూరిస్తుంది. గల్ఫ్ దేశాల్లో లంచం ఇవ్వజూపడం కూడా జైలుకు పోయే నేరమే. ఇక్కడ బండి ఆపిన కానిస్టేబుల్ చేతిలో నోటు పెట్టిన అలవాటుతో అక్కడ పర్సు తీస్తే, చిన్న జరిమానాతో పోయేది పెద్ద కేసవుతుంది. దశాబ్దాలుగా గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు మొదట చెప్పేది ఇదే: పర్సు తీయకు, కాగితం అడుగు.

కాగితం అడగడం అక్కడ సులువు కూడా. సౌదీలో కార్మికుడు అబ్షర్ యాప్‌లో తన అకామా గడువు తానే చూసుకోవచ్చు. కివా అనే వేదిక మీద ఉద్యోగ ఒప్పందం నమోదవుతుంది. 2021 మార్చి 14 నుంచి అక్కడ అమలైన కార్మిక సంస్కరణతో ప్రైవేటు రంగంలో చాలామందికి ఎగ్జిట్, రీఎంట్రీ కోసం యజమాని కాళ్లావేళ్లా పడాల్సిన పని తగ్గింది. ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, గొర్రెల కాపర్లు, తోట పనివాళ్లు మాత్రం ఆ సంస్కరణ బయటే ఉండిపోయారు. ఈ ప్రాంతం నుంచి పోయినవాళ్లలో ఆ పనుల్లో ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. యూఏఈలో వీసా గడువు దాటితే జరిమానా రోజుకు 50 దిర్హాములు. ఆ ఒక్క అంకె తెలిసినవాడు 'పది వేలిస్తే అంతా క్లియర్ చేస్తా' అనే దళారి ముందు లెక్క వేసుకోగలడు.

యూఏఈ చేసిన మరో మంచి పని ఉంది. 2016 నుంచి అక్కడి కార్మిక శాఖ ఆఫర్ లెటర్‌ను అరబిక్, ఇంగ్లిష్‌లతో పాటు కార్మికుడికి అర్థమయ్యే మూడో భాషలోనూ ఇవ్వాలని నిబంధన పెట్టింది. ఊళ్లో చూపించిన జీతం ఒకటి, అక్కడ దిగాక సంతకం పెట్టించుకునే జీతం ఇంకొకటి అనే పాత మోసానికి ఇది నేరుగా మందు. అప్పుడు మొదలుపెట్టిన 11 భాషల్లో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ ఉన్నాయి, తెలుగు లేదు. లక్షలాది తెలుగు కార్మికులు చెమటోడ్చిన దేశంలో ఇది మనకు జరిగిన లోటు, అడిగి సాధించుకోవాల్సిన హక్కు.

డబ్బుకు మరో రూపం

సిరిసిల్ల ప్రాంతానికి డబ్బు, చట్టం, పరాయి కోర్టు అనే మూడింటి సంగతీ బాగా తెలుసు. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో ఈ ప్రాంత కార్మికులు జైలు పాలయ్యారు. అక్కడి చట్టంలో చనిపోయినవాడి కుటుంబం క్షమించి, దియా అనే పరిహారం తీసుకునే దారి ఉంది. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ 2011లో నేపాల్ వెళ్లి ఆ కుటుంబాన్ని కలిసి 15 లక్షల రూపాయలు అందజేశారు, కుటుంబం క్షమాభిక్ష పత్రాలు ఇచ్చింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి విజ్ఞప్తులు, కోర్టులు నడిచాయి. దాదాపు 18 ఏళ్ల జైలు తర్వాత ఐదుగురు ఇల్లు చేరారు.

పైకి చూస్తే ఇదీ డబ్బిచ్చి విడిపించుకోవడమే అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే లంచానికి పూర్తిగా ఎదురు. ఎంత ఇచ్చారో అందరికీ తెలుసు. ఎవరికిచ్చారో తెలుసు, అది బాధపడ్డ కుటుంబం. కాగితం మీద సంతకం ఉంది, ఆ కాగితం కోర్టు ముందుకు వెళ్లింది. 'లోపల మాట్లాడి బయటికి తెస్తా' అని వసూలు చేసే దళారుల మాట ఎంత ఖాళీదో, ఇంత బహిరంగంగా, ఇంత చట్టబద్ధంగా చేసినా ఎన్నేళ్లు పట్టిందో చూస్తే తెలుస్తుంది. జైల్లో మనిషి ఉన్న ఏ ఇంటికైనా ఈ తేడా తెలియాలి.

ఇంకా నేయాల్సింది

ఇంత మెచ్చుకున్నాక లోపాలు చెప్పకపోతే మెప్పుకు విలువుండదు. 1983 చట్టం మోసం చేసిన ఏజెంటుకు వేసే జరిమానా గరిష్ఠంగా 2,000 రూపాయలు, జైలు రెండేళ్ల దాకా. 40 ఏళ్ల కిందట 2,000 అంటే ఒక మాట, ఇప్పుడు అది ఏజెంటుకు భోజనం ఖర్చు. కొత్త చట్టం ముసాయిదా 2021లో ప్రజల ముందుకు వచ్చింది, కొత్త చట్టం వచ్చేదాకా ఒత్తిడి ఆగకూడదు. విజిట్ వీసా మీద పంపి అక్కడ వర్క్ వీసాగా మారుస్తామనేవాళ్లు క్లియరెన్స్ నేతను పక్కకు తోసేసి పోతున్నారు. ఇరాక్‌లోని ఎర్బిల్‌లో అకామా లేక చిక్కుకుపోయిన ఉత్తర తెలంగాణ కార్మికుల కష్టాలు ఆ దారిలోంచి వచ్చినవే. పదో తరగతి పాసై, క్లియరెన్స్ అక్కర్లేని ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఈ రక్షణ అసలే లేదు. 2018లో వాళ్లకూ నమోదు తప్పనిసరి చేయబోయి, కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఇవన్నీ దిద్దుకోవాల్సినవే. అయినా ఉన్న నేత మామూలుది కాదు. ధరను అంకెగా రాసింది, ఒకరి మాటను నలుగురి లెక్కతో కట్టింది, భయపడ్డవాడికి ఏడు రోజులిచ్చింది. దాని ఫలం మనకు సగమే అందుతోంది, ఎందుకంటే దాన్ని మనం చదవడం లేదు. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ప్రతి గ్రామపంచాయతీ గోడ మీదా ఐదు అంకెలు తెలుగులో రాయిస్తే చాలు: పాస్‌పోర్టు 1,500, క్లియరెన్స్ 200, బీమా 275, ఏజెంటు రుసుము జీఎస్టీతో 35,400, ఏసీబీ 1064. దాని కిందే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 1800 11 3090 కూడా ఉండాలి. విదేశంలో కష్టం వస్తే ఫిర్యాదు చేసే మదద్ పోర్టల్, హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబరులో మొదలైన ప్రవాసీ ప్రజావాణి ఇప్పటికే ఉన్నాయి. మన ఇంట్లోంచి ఇంకో పిల్లవాడు గల్ఫ్ పోవడానికి తయారైన రోజున, వీసా చూసి సంబరపడే ముందు క్లియరెన్స్ కాగితం తీసి కంపెనీ పేరు, పని, జీతం, ఏజెంటు లైసెన్సు నంబరు వరుసగా చదవండి. పిల్లవాడి చేత కూడా చదివించండి. ఆ నాలుగు వివరాలూ నోటికి వచ్చినవాడి దగ్గర లంచం అడగడానికి అటు శంషాబాద్‌లో గానీ, ఇటు ఊళ్లో గానీ, అక్కడ రియాద్‌లో గానీ ఎవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు.